విలియం కేరీగారి చరిత్రము

విద్య నేర్పుటకై పరదేశమునకు పోవువారు రెండు తెగలవారు. తాము తెచ్చినది ఇచ్చి, జీతము పుచ్చుకొని, స్వదేశమునకు మరలిపోవువారు కొందఱు. వచ్చినచోటి మనుష్యులను, వారి మాటలను, చెట్టుచేమలను, పశుపక్షులను తాము ముందు నేర్చుకొని, పిమ్మట బోధింప మొదలుపెట్టువారు మఱికొందఱు. ఈ రెండవ తెగవారు అరుదు. అట్టివారిలో నొకరైన విలియం కేరీగారి చరిత్రమును మా విద్యార్థుల నిమిత్తము సంగ్రహముగా వ్రాయబూనితిమి. ఆయన క్రైస్తవ మతబోధకులుగా లోకప్రసిద్ధులు. కాని బడిపంతులుగాను తోటమాలిగాను ఆయన గడపిన దినములను ఎఱిగినవారు తక్కువ. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఆ దినములను గూర్చియే. మన తెలుగు భాషకును ఆయనకును గల సంబంధము కూడ ఈ కథలో నడుమ వచ్చును.

కేరీ 1761 వ సంవత్సరము ఆగష్టు 17 వ తేదీన ఇంగ్లండు దేశములో నార్తాంప్టన్‌షైరు మండలమందలి పౌలర్స్‌పరీ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఎడ్మండు మగ్గము నేయువాడు. కుమారునికి ఆరేండ్ల ప్రాయమున తండ్రికి ఆ గ్రామపు బడిలో ఉపాధ్యాయత్వము లభించెను. తండ్రి సోదరుడగు పీటరు కెనడా దేశమును చూచివచ్చి తోటపని చేయుచుండెను. బాలుడు ఆయన వెంట తిరుగుచు మొక్కలయందు ప్రీతి పెంచుకొనెను. పొలముగట్ల వెంట పురుగులను, పక్షులను, పూలను సేకరించి తన గదిని నింపెడివాడు. అయితే ఎండ తగిలినచో చర్మమునకు బాధ కలుగు వ్యాధి యుండుటచే ఆతనికి పొలముపని సరిపడలేదు. తండ్రి ఆతనిని పిడింగ్టను గ్రామమున జోళ్లు కుట్టువానివద్ద పనికి కుదిర్చెను. ఎండకు తాళలేడని నీడపట్టున కూర్చుండబెట్టిన ఆ పిల్లవాడే తరువాత నలువదేండ్లు వంగదేశపు ఎండలో బ్రదికెనని తలచునప్పుడు మాకు ఆశ్చర్యము కలుగుచున్నది.

జోళ్లు కుట్టుచునే ఆతడు పుస్తకమును ప్రక్కన పెట్టుకొని చదువ నారంభించెను. లాటిను, గ్రీకు, హీబ్రూ, డచ్చి, ఫ్రెంచి భాషలు ఈ విధముగనే అలవడెను. 1781 లో డొరతీ ప్లాకెట్టు అను నామెను వివాహమాడెను. ఆమెకు అప్పటికి వ్రాలు చేయుటయు రాదు. 1785 లో మౌల్టను గ్రామమునకు పోయి, అచ్చటి చిన్న బాప్తిస్టు సంఘమునకు కాపరియై, పొట్టకూటికై బడి నడపుచు, అదియు చాలనందున జోళ్లు కుట్టుచు కాలము గడపెను. పిల్లలను అదుపులో నుంచుట ఆయనకు చేతనయ్యెడిది కాదు. బడిని తాను నడపుటకు మారుగా పిల్లలే తన్ను నడపిరని ఆయనయే పిమ్మట చెప్పుకొనెడివారు. కాని భూగోళపాఠమందు మాత్రము ఆయనకు సాటి లేదు. తోలుతో భూగోళమును తానే కుట్టెను. కాగితములను అంటించి పెద్ద దేశపటము చేసి, ఏ దేశమున జనులెందఱో, వారి మతమేదో అందు వ్రాసి గోడకు తగిలించెను. కెప్టెను కుక్కుగారి సముద్రయానముల చరిత్రము చదివినది మొదలు దూరదేశముల తలంపు ఆయనను విడువలేదు.

1792 వ సంవత్సరము అక్టోబరు 2 వ తేదీన కెటరింగు పట్టణమున కొందఱు కాపరులు కూడి మిషనరీ సంఘమొకటి స్థాపించిరి. ఆ దినమున వారు వ్రాసియిచ్చిన చందా పదుమూడు పౌనుల రెండు షిల్లింగుల ఆరు పెన్సులు. ఇంత స్వల్పమైన మూలధనముతో ఇంత దూరపు పని తలపెట్టుట అవివేకమని పలువురు తలంచియుందురు. డొరతీ మొదట ప్రయాణమునకు ఒప్పుకొనలేదు. ఆమె అప్పుడు నిండు గర్భిణి. కేరీగారు పెద్దకుమారునితో మాత్రము ఓడ నెక్కిరి. కాని ఆ ఓడలో పోవుటకు వీలు చిక్కక దిగవలసివచ్చెను. ఈ నడుమ డొరతీ ప్రసవించెను. రెండవమారు భర్త వచ్చి బ్రతిమాలగా, తన చెల్లెలు తోడు వచ్చినయెడల వత్తునని ఆమె ఒప్పుకొనెను. ఇట్లు 1793 జూను 13 వ తేదీన వైద్యుడగు జాను థామసుగారితో కూడ వారందఱు డేనిషు ఓడలో బయలుదేరి, నవంబరు 11 వ తేదీన కలకత్తా చేరిరి. కేరీగారు స్వదేశమును మరల చూడలేదు.

కలకత్తాలో చేతనున్న సొమ్ము త్వరలోనే వ్యయమైపోయెను. 1794 ఆరంభమున కేరీగారు కుటుంబముతో పడవలో సుందరవనములకు పోయి, దేబ్‌హట్టా అను చోట వెదురుతో ఇల్లు కట్టుకొని, అడవి నఱికి సేద్యము చేయబూనిరి. ఆ ప్రాంతము పెద్దపులులకు ఆటపట్టు. సమీపమున ఉప్పు తయారుచేయు స్థలములనుండి ఆ సంవత్సరము ఇరువదిమందిని పులులు ఎత్తుకొనిపోయెనని ఆయన తెలిసికొనిరి. అట్టిచోటనే ఆయన దుంగలు కొట్టుచు, జింకలను అడవికోళ్లను వేటాడి కుటుంబమును పోషించుచు, రామరామ బసు అను మున్షీగారివద్ద వంగభాష అభ్యసించుచుండిరి.

కొలది నెలలకు జార్జి ఉడ్నీ అను వర్తకుడు ఉత్తర వంగదేశమందలి మదనాబాటిలో నీలిమందు కార్ఖానాను చూచుకొను పని ఇచ్చెను. జీతము నెలకు రెండువందల రూపాయలు. ఈ పని దొరకగానే కేరీగారు ఇంగ్లండులోని సంఘమునకు వ్రాసిన సంగతి మా విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. తనకు ఇక పోషణధనము పంపనక్కఱలేదనియు, ఆ ధనమును వేఱొకచోటి పనికి వినియోగింపుడనియు ఆయన వ్రాసిరి. తనకొఱకు కోరినవి కొన్ని కొడవళ్లు మొదలగు సేద్యపు పనిముట్లు, ఏటేట కొన్ని కూరగాయల విత్తనములు, పూలవిత్తనములు, పండ్లమొక్కలు మాత్రమే. వీనికి సహితము వెల చెల్లింతుననిరి.

నీలిమందు పని సంవత్సరమున కొన్ని నెలలే యుండెడిది. తక్కిన కాలమున ఆయన పల్లెల వెంట తిరుగుచు, రైతులతో మాటాడుచు, వారి నాగలి ఎట్టిదో, ఏ నేలలో ఏ పైరు పెట్టుదురో, ఏ చెట్టును ఏ పేరున పిలుతురో వ్రాసికొనుచుండిరి. ఇట్లు కూర్చిన జ్ఞానముతోనే తరువాత దినాజ్‌పూరు మండలపు సేద్యమును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము ఏషియాటిక్ సొసైటీవారి సంపుటములలో ప్రకటింపబడెను. మదనాబాటిలో ఆయన వెల లేని బడి ఒకటి పెట్టిరి. కాని తల్లిదండ్రులు కడుబీదలగుటచే పిల్లలను పనికి పంపక తప్పెడిది కాదు. అందువలన బడి ఎన్నడును పెద్దది కాలేదు. చదువు ఉచితమైనంత మాత్రమున బీదవానికి అందదని ఆయన అచ్చటనే తెలిసికొనిరి.

ఈ యూరనే ఆయనకు ఘోరమైన దుఃఖములు కలిగెను. 1794 లో అయిదేండ్ల కుమారుడు పీటరు విరేచనములతో మరణించెను. తండ్రియు జ్వరపీడితుడై యుండెను. కులాచారమునకు వెఱచి గోయి త్రవ్వుటకుగాని, శవమును మోయుటకుగాని మనుష్యులు దొరకుట దుర్లభమాయెను. ఆ పిమ్మట డొరతీకి మతి చలించెను. పండ్రెండేండ్లకు పైగా ఆ స్థితిలోనే యుండి 1807 డిసెంబరు 8 వ తేదీన ఆమె గతించెను. ఆమె ప్రక్క గదిలో కేకలు వేయుచుండగా కేరీగారు ఈవలి గదిలో వ్రాతపని చేయుచుండెడివారు. మహనీయుల చరిత్రములు వ్రాయువారు ఇట్టి సంగతులను దాటిపోవుట కద్దు. మేము దాటిపోజాలము. ఆయన చేసిన పనికి వెల ఆయన ఒక్కరే చెల్లింపలేదు. అక్షరము రాక, ఇష్టము లేక, సముద్రము దాటివచ్చిన ఆ యిల్లాలు అందులో పెద్దభాగము చెల్లించెను. ఆమె పేరును కూడ మనము స్మరింపవలయును.

1799 లో జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అనువారు ఇంగ్లండునుండి వచ్చిరి. తూర్పు ఇండియా కంపెనీవారు మతబోధకులను తమ రాజ్యమున నిలువనీయనందున, వారు హుగ్లీనది యొడ్డున డేనులకు చెందిన శ్రీరామపురమున ఆశ్రయము పొందిరి. 1800 జనవరి 10 వ తేదీన కేరీగారు వచ్చి వారిని కలిసికొనిరి. బడి నడపుట మార్ష్‌మన్ దంపతుల పని, ముద్రాక్షరశాల వార్డుగారి పని, భాషలు కేరీగారి పని. ఎవరు ఎంత గడించినను అంతయు ఉమ్మడి నిధికి చేర్చి, భోజనము వస్త్రములకు చాలినంత మాత్రమే తీసికొనవలెనని వారు నియమము చేసికొనిరి.

మఱుసటి సంవత్సరమే ఆ నియమమునకు పరీక్ష వచ్చెను. గవర్నరు జనరలు వెల్లస్లీగారు క్రొత్తగా స్థాపించిన ఫోర్టు విలియం కళాశాలలో వంగభాష నేర్పుటకు 1801 లో కేరీగారిని నియమించిరి. జీతము నెలకు అయిదువందల రూపాయలు. పిమ్మట ఆచార్యపదవి లభించి అది వేయి రూపాయలయ్యెను. జోళ్లు కుట్టి బడి నడపినను పూటకు చాలని దినములు చూచినవానికి ఇది గొప్ప సంపద. కాని ఆయన ముప్పదేండ్ల పాటు కళాశాలలో బోధించుచు, ఆ జీతమును దాదాపు సర్వము ఉమ్మడి నిధికే ఇచ్చివేసిరి. పాఠము చెప్పి తెచ్చిన ధనము బడులుగాను, కాగితముగాను, అచ్చు అక్షరములుగాను మాఱెను.

ఆయన బోధనాపద్ధతియు విలక్షణమైనది. వంగభాషలో అప్పటికి వచనగ్రంథములు మిక్కిలి అరుదు. అందుచే మృత్యుంజయ విద్యాలంకారుడు, రామరామ బసు మొదలగు పండితులచే గ్రంథములు వ్రాయించి అచ్చొత్తించిరి. 1801 లో తాము ప్రకటించిన కథోపకథనము అను గ్రంథమున కూలివాండ్రు, జాలరులు, వడ్డివర్తకులు, సంతకు పోవు స్త్రీలు తమలో తాము మాటాడుకొను తీరును అట్లే పొందుపఱచిరి. రాజ్యమేలవచ్చిన దొరకుమారులు పండితుల భాషతోపాటు సంతలోని భాషయు నేర్వవలెనని ఆయన యుద్దేశము.

వారమున కొన్ని దినములు కలకత్తాలో గడపి పడవపై శ్రీరామపురము చేరగానే ఆయన మొదట పోవునది తోటకు. సుమారు అయిదెకరముల ఆ తోటలో లిన్నేయసు పండితుని క్రమము ననుసరించి మొక్కలను తరగతులుగా నాటించిరి. దేశదేశముల మిత్రులకు ఇచ్చటి విత్తనములు పంపి అచ్చటివి తెప్పించుకొనెడివారు. ఒకమారు ఇంగ్లండునుండి వచ్చిన విత్తనముల సంచిని, ఒక్క గింజయు పోరాదని, నీడగల చోట దులిపిరి. కొన్ని దినములకు అచ్చట ఇంగ్లండు పచ్చికబయళ్లలో పూయు చిన్న డెయిజీ మొక్క మొలచెను. దానిని చూచి ఆయన పొందిన ఆనందము మేరలేనిది. అటుపిమ్మట దానిని ఏటేట విత్తనమునుండి పెంచుచుండిరి.

ఆయనకు మిక్కిలి ఆప్తుడైన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గుగారు మన గోదావరీమండలపు సామర్లకోటలో చాలకాలముండి, తెలుగుదేశపు మొక్కలను పరిశోధించి, 1793 లో కలకత్తా తోటకు అధికారియై పోయినవారు. ఆయన అడవి మొక్కల జాతి ఒకదానికి మిత్రుని పేరు పెట్టి కేరియా అనిరి. మన కొండలలో పెరుగు కుంభి చెట్టు ఈ జాతిలోనిదే. రాక్స్‌బర్గుగారు జబ్బుచే స్వదేశమునకు పోయిన పిదప, ఆయన తోట మొక్కల పట్టికను 1814 లో కేరీగారు శ్రీరామపురమున అచ్చొత్తించిరి. ఆయన మరణానంతరము ఫ్లోరా ఇండికా అను మహాగ్రంథమును పరిష్కరించి 1832 లో సంపూర్ణముగా ప్రకటించిరి. అందు సంస్కృత వంగ నామముల సరసనే అనేక వృక్షముల తెలుగు పేళ్లును చూడనగును.

ఇంక 1812 మార్చి 11 వ తేదీ రాత్రి సంగతి. కేరీగారు కలకత్తాలో నుండగా శ్రీరామపుర ముద్రాక్షరశాలకు నిప్పంటుకొనెను. కాగితము, అచ్చు అక్షరములు, అన్నిటికి మించి వ్రాతప్రతులు దగ్ధమయ్యెను. సంస్కృతమును దేశభాషలను సరిపోల్చుచు ఏండ్ల తరబడి వ్రాసిన నిఘంటువు ఒక్క పుటయైన మిగులలేదు. కన్నడ నూతననిబంధనమును పోయెను. కేరీగారు వ్రాసిన తెలుగు వ్యాకరణము సర్వము బూడిదయయ్యెను. ఆయన ఎన్నడును తెలుగుదేశమున కాపురముండలేదు. పండితులవద్ద కూర్చుండి అక్షరమక్షరము నేర్చి వ్రాసిన గ్రంథమది. మఱునాడు వచ్చి చూచి ఆయన కన్నీరు పెట్టుకొనిరి. కాని అక్షరములను పోతపోయు మూసలు శిథిలములలో చెడక దొరకెను. కరగి ముద్దయైన సీసమును త్రవ్వి తీసి, మనోహరుడు మొదలగు వంగదేశపు పనివారు మరల అక్షరములు పోయ మొదలుపెట్టిరి. ఒకమారు నడచిన త్రోవ రెండవమారు సులభమగునని తలంచి కేరీగారు మొదటినుండి వ్రాయ నారంభించిరి. 1814 లో ఆ తెలుగు వ్యాకరణము అచ్చయి వెలువడెను. కాంబెల్‌గారి వ్యాకరణము 1816 లోను, బ్రౌనుగారిది 1840 లోను వచ్చినవి. వీనికి ముందు కాలిపోయి మరల పుట్టిన వ్యాకరణమిది. తెలుగు నూతననిబంధనము 1818 లో అచ్చటనే ముద్రితమయ్యెను. ఒకేకాలమున పెక్కుభాషలలో పనిచేయుటచే శ్రీరామపుర భాషాంతరములలో దోషములు మిగిలెను. తరువాతివారు వానిని తిరుగ వ్రాయవలసివచ్చెను. ఇది ఒప్పుకొనవలసిన మాటయే. అయినను మొదటి త్రోవ కొట్టినవానికి ముండ్లు గ్రుచ్చుకొనుట సహజము.

శ్రీరామపురమువారు చుట్టుపట్ల పల్లెలలో నూరు పాఠశాలల వరకు నడపిరి. బాలురకు భూగోళము, ఖగోళము, ప్రకృతిశాస్త్రము వంగభాషలోనే నేర్పుట వారి పద్ధతి. 1818 లో శ్రీరామపుర కళాశాల స్థాపింపబడెను. కులమతభేదము లేక ఎల్లవారిని చేర్చుకొనిరి. మొదట చేరినవారు 37 మంది. కేరీగారు అచ్చట వృక్షశాస్త్రము బోధించిరి. 1820 లో సేద్యమును, తోటపనిని వృద్ధిచేయుటకై కలకత్తాలో ఒక సంఘమును స్థాపించి, అందు ఈ దేశస్థులను సభ్యులుగా చేర్చుకొనిరి.

1799 లో ఆయన ఒక సహగమనమును కన్నులార చూచి, మాన్పబోయి విఫలులైరి. ముప్పదేండ్లకు, 1829 డిసెంబరులో, సహగమనమును నిషేధించిన బెంటింకుగారి శాసనము వంగభాషలోనికి మార్చుటకై ఆయన చేతికే వచ్చెను. అది ఆదివారము. ఆలస్యమైన ప్రతి గడియకు ఒక ప్రాణము పోవచ్చునని, ఆయన ఆనాటి ప్రసంగమును ఇతరులకు అప్పగించి, పండితునితో కూర్చుండి సాయంకాలమునకు భాషాంతరమును ముగించిరి.

1823 అక్టోబరులో పడవ దిగునప్పుడు జారిపడి తుంటికి గాయమై ఆయన మంచము పట్టిరి. ఆ దినములలోనే దామోదరనది పొంగి శ్రీరామపురమును ముంచెను. ఆయన నివసించు ఇల్లు కూలెను. ఇరువదేండ్లకు పైగా పెంచిన తోట ఇసుకమేట క్రింద పడిపోయెను. ఆయన చంకకఱ్ఱలతో లేచి, మిత్రులకు ఉత్తరములు వ్రాసి, విత్తనములు తెప్పించి, అఱువదిరెండేండ్ల వయస్సున మరల మొదటి మొక్క నాటించిరి. తనయందు విశేషమైన ప్రజ్ఞ ఏదియు లేదనియు, మెల్లగా నడచినను విడువక నడచుట ఒక్కటియే తనకు తెలియుననియు ఆయన చెప్పెడివారు.

కడపటి దినములలో నడువజాలక చక్రములుగల బల్లపై కుర్చీ వేయించుకొని తోటలో త్రిప్పించుకొనెడివారు. అదియు సాగనప్పుడు తోటమాలి దినదినము పడకయొద్దకు వచ్చి మొక్కల క్షేమము చెప్పి ఆజ్ఞలు తీసికొని పోవుచుండెను. తాను పోయిన పిదప మార్ష్‌మన్ తోటలోనికి ఆవులను తోలునని ఒకనాడు ఆయన దిగులుపడిరి. తనకు మొక్కలయందు అంత రుచి లేకున్నను, ఆ తోటను కాపాడుట పవిత్రమైన బాధ్యతగా నెంతునని మార్ష్‌మన్‌గారు మాట ఇచ్చిరి. 1834 జూను 9 వ తేదీన కేరీగారు పరమపదించిరి. ఆయన కోరిక ప్రకారము సమాధిపై పొగడ్త ఏదియు చెక్కలేదు.

తోట చాలకాలము నిలువలేదు. తరువాత ఆ స్థలమున జనపనార మిల్లు లేచెను. కళాశాల మాత్రము నిలిచినది. విద్యార్థులారా, ఈ మహాశయుని చరిత్రమునుండి మేము మీకు కోరునది సముద్రము దాటి పొండని కాదు. పొరుగూరికి పాఠము చెప్పబోయినను, అచ్చటి ముసలివానినడిగి గట్టుమీది చెట్టు పేరు ముందు తెలిసికొనుడు. అచ్చటి పిల్లవాడు బడికి ఏల రాలేదో విచారింపుడు. నేర్చుకొనుటకు సిగ్గుపడనివానికే నేర్పుటకు అధికారము కలదు. చేసిన పని ఒకరాత్రిలో బూడిదయైనయెడల, తెల్లవాఱి మొదటి అక్షరమునుండి మరల వ్రాయుడు.